శరభభూపాలుడి ప్రజా కొలను

సముద్రపు గాలి తగిలే ఒకానొక రాజ్యంలో, ఎన్నో ఏళ్లు పెత్తనం చేసిన తెల్లదొరలు మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ రాజ్యం పేరు మందరగిరి. దొరలు పోతూ పోతూ కోట తాళాలు శరభభూపాలుడి చేతిలో పెట్టారు.

ఆయన గద్దె ఎక్కిన రోజే బురుజు మీద నిలబడి, "నేటినుంచి ఈ రాజ్యంలో ప్రతిదీ ప్రజలదే!" అని గొంతెత్తి చాటాడు. జనం ఈలలు వేశారు. సంతోషం పట్టలేక కొందరు పక్కవాళ్ల తలపాగాలు కూడా గాల్లోకి ఎగరేశారు.

ఆపైన రాజుగారు పనిలోకి దిగాడు. ఊరి చెరువు పూడిక తీయిస్తానని వసూలు చేసిన సొమ్ముతో అంతఃపురం వెనక పాలరాతి కొలను కట్టించుకుని, గుమ్మం మీద "ప్రజా కొలను" అని చెక్కించాడు. వైద్యశాలకు మంచాలు చేయించాల్సిన టేకుతో పెద్ద పందిరిమంచం చేయించుకుని, దానికి "ప్రజా మంచం" అని పేరు పెట్టాడు. బండలు లాగాల్సిన ప్రజా ఏనుగు రాణిగారి పుట్టింటికి ఆవకాయ జాడీలు మోసేది. ఊళ్లో ఆడవాళ్లు మాత్రం బిందెలెత్తుకుని మంచినీళ్లకు పొరుగూరు నడిచేవాళ్లు.

ఆ కొలువులో అక్కుభట్టు అని ఒక చమత్కారి ఉండేవాడు. ఒకరోజు నిండుసభలో అతనికి నవ్వు ఆగలేదు.

"ఎందుకయ్యా ఆ నవ్వు?" అన్నాడు రాజు.

"ఏం లేదు మహాప్రభూ. ప్రజా కొలనులో ప్రజలు స్నానం చేసేది ఎప్పుడా అని."

"పిచ్చివాడా! నేను ప్రజల ప్రతినిధిని. నేను మునిగితే ప్రజలంతా మునిగినట్టే!"

"అదైతే నిజమే ప్రభూ. బాగా మునిగారు."

సభలో అందరూ గడ్డాలు నిమురుకుంటున్నట్టు నటిస్తూ మూతులు మూసుకున్నారు. రాజుకు ముక్కుపుటాలు అదిరాయి.

"నా నోట 'ఇది నాది' అన్న మాట ఏనాడైనా విన్నావా? ఈ వారంలోగా అనిపించు చూద్దాం! అనిపిస్తే ఏం కోరినా ఇస్తాను. అనిపించలేకపోతే నిన్ను మా అత్తగారికి కథలు చెప్పే కొలువులో వేస్తాను, బతికినంత కాలం!"

సభ ఉలిక్కిపడింది. ఆవిడకు చెముడు. ఒక్కో కథ గొంతు పోయేదాకా చెప్పించుకుని, చివర్లో "ఇంకా మొదలుపెట్టవేం?" అని అడిగే మనిషి. అక్కుభట్టు మాత్రం "చిత్తం" అన్నాడు.

ఇంటికి పోతూ పోతూ దండోరా వేయించాడు: "ప్రజలారా! రేపు పొద్దున్నే ప్రజా కొలనులో స్నానాలహో! ఎవరి కుంకుడుకాయలు వారే తెచ్చుకోవాలహో!"

తెల్లవారేసరికి జనం కోటమీద పడ్డారు. అందరికన్నా ముందు కుండలమ్మే పోలమ్మ, వెనకాల ఆవిడ గేదె. కొలను గుమ్మం దగ్గర ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఎవరు మీరు?"

"ప్రజలం నాయనా. పైన రాసుంది మా పేరే కదా."

ద్వారపాలకుడు తలెత్తి అక్షరాలు కూడబలుక్కున్నాడు. ప్ర... జా... ఈటె తీసేశాడు. "మరి గేదె?"

"అది ఇంకా పెద్ద ప్రజ. నేను కుండలే ఇస్తాను, అది పాలిస్తుంది."

పాలించేవారిని ఆపే ధైర్యం లేక ద్వారపాలకుడు గేదెకు దండం కూడా పెట్టాడు.

ఒంటినిండా నూనె పట్టించుకుని రాజు వచ్చేసరికి కొలనంతా కుంకుడు నురగ. నడిమధ్యలో గేదె, కళ్లు మూసుకుని, పరమానందంగా ఉంది.

"ఇది నా..." అని గర్జించబోయి, మూల నిలబడ్డ అక్కుభట్టును చూశాడు. "నా... నా... నారాయణ! ఎంత కన్నులపండువగా ఉంది!" అని పళ్లు కొరుక్కుంటూ పడకగదికి పరిగెత్తాడు.

ప్రజా మంచం మీద తడిబట్టలతో ముసలివాళ్లు వరసగా పడుకుని గురకలు పెడుతున్నారు.

"ఇది నా... నా... నాయనలారా, హాయిగా పడుకోండి!" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుంకుడు రసం వల్ల కాదు.

ఇక దిక్కుతోచక సభకు పోయాడు. అక్కడ సింహాసనం మీద పోలమ్మ బాసింపట్టు వేసుకుని, తల ఆరబెట్టుకుంటూ, మంత్రులకు పనులు పురమాయిస్తోంది.

"చెరువు పూడిక ఇవాళే మొదలెట్టండి."

"చిత్తం," అన్నారు మంత్రులు.

"ఆ ఏనుగును ఆవకాయ మాన్పించి మట్టి మోయించండి."

"చిత్తం, చిత్తం." మంత్రులకు ఎవరు కూర్చున్నారన్నది ముఖ్యం కాదు, ఎక్కడ కూర్చున్నారన్నదే ముఖ్యం.

రాజుకు ప్రాణం మీదికి వచ్చింది. "దిగు! దిగు! అది నా సింహాసనం!" అని కోట అదిరేలా అరిచాడు.

పోలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"తమరిదా బాబూ? తెలియక కూర్చున్నాను. ఏ సంతలో కొన్నారు?"

రాజు ఒంటి మీది నూనె బొట్లు బొట్లుగా కారుతోంది, జుట్టులోకి ఎక్కడినుంచో కుంకుడు తొక్క వచ్చి చేరింది. ఎదురుగా ఉన్న నిలువుటద్దంలో ఆ రూపం చూసుకున్నాడు. ముందు మీసం అదిరింది, తర్వాత పొట్ట అదిరింది, ఆఖరికి పగలబడి నవ్వుతూ నేలమీదే కూలబడ్డాడు.

"గెలిచావయ్యా అక్కుభట్టూ! కోరుకో!"

"పోలమ్మగారి ఉత్తర్వులు రద్దు చేయకండి ప్రభూ, అంతే చాలు. చెరువు నిండేదాకా కొలను నీళ్లు ఊరికి వదలండి."

"నీకంటూ ఏమీ వద్దా?"

"మీ అత్తగారి ఊరికి చాలా దూరంగా ఒక ఇల్లు ఇప్పించండి."

రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి అతని మెడలో వేసి, సముద్రం ఒడ్డున మంచి ఇల్లు రాసిచ్చాడు. మంచాన్ని వైద్యశాలకు పంపాడు.

వానలు పడి చెరువు నిండింది. మొదటి రోజు స్నానానికి రాజు కూడా వచ్చి, అలవాటు కొద్దీ జనాన్ని తోసుకుంటూ ముందుకు పోబోయాడు.

"బాబూ, వరసలో రావాలి," అంది పోలమ్మ.

రాజు చుట్టూ చూశాడు. భుజాన తువ్వాలు సర్దుకుని, బుద్ధిగా వెళ్లి గేదె వెనక నిలబడ్డాడు.