బయటి అంచు

మాస్టారు రారేమోనని శ్రీహరి భయపడ్డాడు. వచ్చాక ఇంకో భయం పట్టుకుంది.

ఇరవై రెండు సెంచరీలు, ఏడువేల పైచిలుకు పరుగులు, మూడుసార్లు రాష్ట్రంలో ఉత్తమ ఆటగాడు, ఆరేళ్ళు కెప్టెన్సీ. విజయనగరంలో తను ఆట నేర్చుకున్న మైదానంలోనే ఇవాళ ఓ గదికి గొర్లె శ్రీహరి అని పేరు పెడుతున్నారు. కప్పులు, పతకాలు అద్దాల బీరువాల్లో సర్దేశారు. గోడ మధ్యలో మాత్రం ఖాళీ వదిలారు. నాలుగేళ్ళ కిందట సెమీఫైనల్లో నూట పద్దెనిమిది కొట్టిన బ్యాట్ అక్కడ వేలాడాలి. ఆ ఇన్నింగ్స్‌లో ఒక్క బంతి కూడా అంచుకి తగల్లేదని పేపర్లన్నీ రాశాయి. ఆ రోజు తర్వాత శ్రీహరి దానితో ఆడలేదు, దాన్ని తుడవలేదు. గుడ్డలో చుట్టి దాచాడు.

"మీ చేత్తోనే తగిలించాలి మాస్టారూ."

లింగమూర్తి మాస్టారికి డెబ్బై ఆరు. శ్రీహరి చేత మొదట బ్యాట్ పట్టించింది ఆయనే. గుడ్డ విప్పి, బ్యాట్‌ని కిటికీ వెలుతుర్లోకి తిప్పారు. బొటనవేలు బయటి అంచు మీద ఒకచోట ఆగింది.

ఎర్రటి మరక. గోరంత.

"ఇదేట్రా?"

"కిట్ బ్యాగ్‌లో ఏదో గీసుకుందండి."

మాస్టారు స్టూలెక్కారు. పిడికి తాడు కట్టి మేకుకి తగిలించారు. బ్యాట్ తిరిగిపోకుండా అటూ ఇటూ రెండు మేకులు కొట్టి దిగారు.

బ్యాట్ పక్కకి తిరిగి ఉంది. గదిలోకి వచ్చేవాళ్ళకి ముందు కనబడేది అంచే. మరక సరిగ్గా కంటి ఎత్తులో.

సెక్రటరీ దాలినాయుడు తలుపు సందులోంచి తొంగిచూశాడు. "సార్, మినిస్టర్ గారి కారు కోట దాటిందట. పది నిమిషాలు!" గోడకేసి చూసి, "అదేటండి, బ్యాట్ పక్కకి తిరిగిపోనాది?" అన్నాడు.

"నేను చూసుకుంటాను, నువ్వెళ్ళు," అన్నాడు శ్రీహరి.

తలుపు మూసుకుంది.

"బ్యాట్ ముఖం బయటికి తిప్పండి మాస్టారూ. మీకు దణ్ణం పెడతాను."

"ముఖం టీవీలో అందరూ చూశార్రా."

"ఎవరైనా అడిగితే?"

"నువ్వున్నావు కదా, చెప్పడానికి."

శ్రీహరి మరకకేసి చూశాడు. తొంభై ఏడు దగ్గర ఆ బంతి. అది బయటి అంచుకి తగలడం చేతికి తెలిసింది. కీపర్ పట్టాడు. వేసిన కుర్రాడు జిలానీ, ఇరవై ఏళ్ళవాడు, అదే మొదటి మ్యాచ్, మోకాళ్ళ మీద కూలబడి అరిచాడు. అంపైర్ తల అడ్డంగా ఊపాడు. శ్రీహరి గ్లవ్స్ సర్దుకుంటూ పిచ్ మధ్యకి నడిచి, అక్కడేదో గతుకున్నట్టు, ఏమీ లేనిచోట బ్యాట్‌తో తట్టాడు. ఆ మ్యాచ్‌లో జిలానీకి ఒక్క వికెట్టూ పడలేదు. వాణ్ణి మళ్ళీ ఆడించలేదు.

మాస్టారు మూలనున్న కిట్ పెట్టెలోంచి శాండ్‌పేపర్ ముక్క తీసి శ్రీహరి చేతిలో పెట్టారు.

"రుద్దేసుకో. అప్పుడు నేనే తిప్పి పెడతాను."

మాస్టారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

శ్రీహరి ఒకసారి రుద్దాడు. సన్నటి పొడి రాలింది. మరక కొంచెం పల్చబడింది. ఇంకో నాలుగుసార్లు రుద్దితే అంతే, ఏమీ ఉండదు. బయట సైరన్ మోగింది. అతని చెయ్యి ఆగిపోయింది.

"మీకెలా తెలుసు?"

"ఆ రోజు నేను బౌండరీ అవతల సైట్‌స్క్రీన్ పక్కన కూచున్నాను. చప్పుడు నాకు వినిపించలేదు. నువ్వు వెళ్ళి పిచ్ తట్టడం కనిపించింది. ఆ అలవాటు నీకు నేను నేర్పలేదు."

"మరి నన్నెప్పుడూ అడగలేదే?"

"చెప్తావని చూశాన్రా."

తలుపు దబదబా మోగింది. "సార్! దిగిపోనారు! దండలట్టుకొని నిలబడ్డాం!"

శ్రీహరి శాండ్‌పేపర్ కింద పడేశాడు. బ్యాట్ వైపు చూడలేదు.

"మాస్టారూ, ముందు ఆ జిలానీతో మాట్లాడాలి. ఆ తర్వాతే మైకు దగ్గరికి వెళ్తాను. వాడి నంబరు ఎక్కడైనా దొరుకుతుందా?"

మాస్టారు చొక్కా జేబులోంచి ఫోన్ తీసి చేతికిచ్చారు.

"ఇందులో ఉందిరా, నాలుగేళ్ళ నుంచీ."