సన్యాసమ్మ వీధి దాటిన రోజు

అడవి అంచున ఉన్న ఏటిగట్టు వీధిలో ఒకప్పుడు పొద్దున లేస్తే తిరునాళ్ళే. వంకర టింకర దారి, దారి పొడవునా నేరేడు చెట్లు, ప్రతి చెట్టు కిందా కబుర్లు. తాబేలు సన్యాసమ్మ ఇల్లు వీధికి ఈ పక్క, నీళ్ళ మడుగు ఆ పక్క. మడుగుకు బయల్దేరిందంటే ఉడుత పోలమ్మను పలకరించి, కోడిపిల్లల ఆట చూసి, ఊరి సంగతులన్నీ తెలుసుకునే వెళ్ళేది.

నక్క గవర్రాజుకు మాత్రం ఆ వంకరదారి కంట్లో నలుసు. అతని దుంపల కొట్టు వీధి చివర ఉంది. బేరానికొచ్చే అడవిపందులు దారిలో అందరి దగ్గరా ఆగి, అది కొరికి ఇది నమిలి, కడుపు నిండాక గాని అక్కడికి చేరేవి కావు.

ఒకనాడతను ఏనుగు పెద్దయ్య ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"పెద్దయ్యా, లోకం పరుగెడుతోంది, మన వీధి పాకుతోంది. చెట్లు తీయించి దారిని బాణంలా చేయిస్తే మీ పేరు పదికాలాలు నిలుస్తుంది."

పేరనేసరికి పెద్దయ్య తొండం ఊగింది. నెల తిరక్కుండా చెట్లు పోయాయి. పందులు దుమ్ము లేపుకుంటూ దూసుకుపోసాగాయి. కోడి తన పిల్లల్ని గూడు కదలనివ్వలేదు. పోలమ్మ పల్లీల బుట్ట గిట్టల కింద నుగ్గయింది. ఎదురెదురు ఇళ్ళవాళ్ళు పలకరింపులే మరిచిపోయారు. సన్యాసమ్మ నీళ్ళకు వెళ్ళలేక, నాలుక పిడచకట్టుకుపోయి గుమ్మంలోనే కూర్చుంది.

"పెద్దయ్యకు మళ్ళీ చెబుదాం వదినా," అంది పోలమ్మ.

"చెబితే ఏమన్నాడు? చూసి దాటమన్నాడు. ఆయన దాటితే పందులే ఆగుతాయి, మన కష్టం ఆయనకెలా తెలుస్తుంది?" కాసేపటికి సన్యాసమ్మ కళ్ళు మెరిశాయి. "ఇది చెప్పేది కాదు, చూపించేది."

వీధి వారనే పాక్కుంటూ నక్క కొట్టుకు చేరింది.

"బావా, ఇంత దారి వేయించావు. నీకు సన్మానం చేయకపోతే ఊరికి మాటొస్తుంది. రేపు పొద్దున పెద్దయ్య మడుగు పక్కన దండ పట్టుకుని నిలబడతాడు. నువ్వు ఈ పక్క నుంచి నాతోపాటు నడిచి రావాలి."

సన్మానమంటే గవర్రాజు చెవి కోసుకుంటాడు. "నీతో నడవాలా?"

"ఊరేగింపు కదా. పరుగెడితే పెద్దరికమేముంటుంది?"

"అదీ నిజమే. నిదానమే ప్రధానం," అన్నాడు నక్క మీసం దువ్వుకుంటూ.

మర్నాడు వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది. పోలమ్మ చేత కబురందుకున్న పెద్దయ్య దండతో మడుగు పక్కన నిలబడ్డాడు. పందులు పరుగెత్తే వేళ అదేనని సన్యాసమ్మకు తెలుసు. నక్క పక్కనే అడుగు తీసి అడుగేసింది. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి నేల అదిరింది.

"పరుగెట్టకు బావా, పెద్దయ్య చూస్తున్నాడు."

గవర్రాజు ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు. ఎటు చూసినా అంతే దూరం. ఒక్క గంతేసి పక్కనున్న బురదగుంటలో పడ్డాడు. సన్యాసమ్మ కాళ్ళూ తలా లోపలికి లాక్కుంది. ఓ పంది గిట్ట తగిలి బొంగరంలా తిరుగుతూ పోయి ఏనుగు కాళ్ళ దగ్గర పడింది.

దుమ్ము అణిగింది. డిప్పలోంచి మెల్లగా తల బయటికొచ్చింది.

"పెద్దయ్యా, మేం రోజూ దాటేది ఇలాగే. ఇవాళ బావ తోడొచ్చాడు కాబట్టి తమరు చూశారు."

పెద్దయ్య బోసిపోయిన వీధిని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు. "దారి వేశాననుకున్నాను. వీధినే తీసేశానా," అని దండ పక్కన పెట్టి, రాళ్ళ కోసం బయల్దేరాడు.

బండలు దొర్లించి దారిని మళ్ళీ వంపులు తిప్పాడు. మడుగు ఎదురుగా అడ్డంగా మట్టిదిబ్బ పోశాడు, దాని ముందు ఎంతటివాడైనా నెమ్మదించాల్సిందే. రెండు పక్కలా నడిచేవాళ్ళకు మెరక దారి కట్టి, నేరేడు మొక్కలు నాటించాడు. పందులు మొదట గొణిగాయి. దిబ్బ దగ్గర నెమ్మదించగానే వేయించిన పల్లీల వాసన తగిలింది, గొణుగుడు ఆగిపోయింది. కోడిపిల్లలు మళ్ళీ వీధిలో ఆటకొచ్చాయి. సన్యాసమ్మ పొద్దున నీళ్ళకని వెళ్ళి, పలకరింపులు తెమలక సాయంత్రానికి ఇల్లు చేరింది. ఒళ్ళంతా నొప్పులే, అయినా నవ్వు ఆగలేదు.

చివరికి కొట్టుకు బేరాలు రాక, గవర్రాజే దుంపల గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకొచ్చాడు.

"వదినా, చెట్టు కింద కాస్త చోటిస్తారా?"

"చోటుకేం బావా, కూర్చో. దాటేటప్పుడు భయమేసిందా?"

"లేదు," అన్నాడు నక్క తల దించుకుని.

నడిచేవాడికి చోటున్న వీధిలోనే నలుగురికీ బతుకుంటుంది.