గోరింక కుడి ముంగాలు

ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు మా గురువు శరభయ్య గారికి లేదు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, చేతిలో పని ఏదుంటే దాంట్లో పడిపోయేవారు.

ఆ రోజు అడిగినవాడు కొండుభట్టు. పన్నెండేళ్లుగా మఠంలో మాతో పాటే ఉంటున్నాడు. జపమాల అతని వేళ్లకే మొలిచిందని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం.

"మొదట్లో రోజుకు మూడు వేల జపం చేసేవాణ్ణి. ఇప్పుడు పన్నెండు వేలు దాటుతోంది. ఎంత దూరం వచ్చానో మీరే సెలవివ్వాలి. చాలినంత వచ్చి ఉంటే ఏటి అవతలి మఠానికి నన్ను అధిపతిగా పంపండి" అన్నాడు. ఆ మఠంలో పెద్దాయన పోయి నెల అవుతోంది. అక్కడివాళ్లు కబురు మీద కబురు పెడుతున్నారు. గురువుగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఊరుకున్నారు.

అంతలో వాకిట్లోకి గుర్రం మీద దస్తగిరి వచ్చాడు. పాలెగాడి కొలువులో దారులు కొలవడం అతని పని. ఆడగుర్రం కుడి ముంగాలు నేలమీద పడ్డ ప్రతిసారీ ఒకటని లెక్కపెడతాడు. నూరు కాగానే కుడి సంచిలోంచి ఒక చింతగింజ తీసి ఎడమ సంచిలో వేస్తాడు. ఇరవై గింజలైతే ఒక కోసు. ఆ గుర్రం పేరు గోరింక. పిల్లప్పటి నుంచీ తన చేత్తో మేపి పెంచాడు.

"ఏటి రేవు కాణ్ణుంచి ఏడు కోసులు సామీ! ఈ వయసులో ఒక్క పూటకి ఏడు కోసులు నడిచినాది నా తల్లి!" అన్నాడు, జీను దిగకుండానే.

కొండుభట్టు ఊరుకుంటాడా? "రేవు నుంచి ఇక్కడికి ఐదే కోసులయ్యా. నెలనెలా నడుస్తున్నవాణ్ణి" అన్నాడు.

"నూటనలభై గింజలుండాయి. కావల్లంటే ఎంచుకో!" అని దస్తగిరి సంచి విసిరాడు.

గురువుగారు చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచారు. గుర్రం దగ్గరికి వెళ్లి, మెడ నిమిరి, వంగి కుడి ముంగాలు ఎత్తారు. ఆ గిట్టను చూద్దామని నేనూ వంగాను. పలుగురాయి ముక్క ఒకటి లోపలికంటా దిగిపోయి ఉంది. గిట్ట నిలువునా చీలి, నెత్తురు మట్టితో కలిసి గడ్డకట్టింది. నొప్పికి అడుగు కురచ చేసుకుంటూ, ఐదు కోసుల దారిని అది ఏడు కోసుల అడుగులతో కుంటుకుంటూ వచ్చింది. పొద్దున్నుంచీ అతను ఒక్కటీ తప్పకుండా లెక్కపెట్టింది ఆ కాలినే.

దస్తగిరి జీను మీంచి జారి మోకాళ్ల మీద పడ్డాడు. గోరింక అలవాటుగా అతని భుజం మీద మూతి ఆనించింది. దాంతో అతను భోరుమన్నాడు.

"రెండో కోసులోనే ఊగతా ఉంటే తెలిసినాది సామీ. రాళ్ల దారి గదా అనుకుంటి. దిగితే లెక్క తప్పుతాదని దిగలేదు."

గురువుగారు రాయి పీకి, పసుపు అద్ది, తన పైపంచె చింపి కట్టు కట్టారు. గాయం మానుతుంది గానీ ఇక మనిషిని మోయలేదని చెప్పారు. దస్తగిరి తల ఎత్తలేదు. చింతగింజలు వాకిలంతా చెదిరి పడి ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు.

చాలాసేపటికి కొండుభట్టు గొంతు సవరించుకున్నాడు. "గురువుగారూ, నా ప్రశ్న..."

గురువుగారు అతని ముఖం చూడలేదు, కుడి చెయ్యి చూశారు. మేమూ చూశాం. ఇంత జరుగుతున్నా ఆ వేళ్లు ఆగలేదు. పూస వెనక పూస జరుగుతూనే ఉంది.

"ముందు దిగు నాయనా" అన్నారు గురువుగారు.