భీమకాయం-2లో ఖాళీ ఇళ్లు

భీమకాయం ఆట రెండో భాగం విడుదలైన వారానికే చచ్చిపోయింది. మూడేళ్ల పని. అరవై మంది జట్టులో నలభై మందిని సోమవారం నుంచి రావద్దన్నారు. అందులోని రోబోను "తొంభై అడుగుల రేకు డబ్బా" అని ఎవరో ఆటగాడు నెట్‌లో రాస్తే పదివేల మంది మెచ్చుకున్నారు.

ఆ వీడియో గేమ్‌కు సారథ్యం వహించిన కౌండిన్య ఒక కాగితం పట్టుకుని మెహిదీపట్నంలోని జహీరుద్దీన్ ఇంటికి వెళ్లాడు. మొదటి భాగం చేసిందీ, కౌండిన్యకు పని నేర్పిందీ ఆయనే. అందరూ ఉస్తాద్ అంటారు.

"బహిరంగ ప్రకటన, ఉస్తాద్. మీరూ సంతకం పెడితే లోకం వింటుంది."

ఉస్తాద్ కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివాడు. "మార్కెట్టుకు బానిసలైన ఆటగాళ్లు కళను ఉరితీశారు. మాది ప్రజల ఆట. రేపటి తరం మాకు న్యాయం చేస్తుంది." తలెత్తాడు. "గట్టిగా ఉంది. నీ మాటలేనా?"

"పోరాడే వాళ్లందరివీ."

"సరే. ముందు నీ ఆట పెట్టు బేటా."

ఉక్కు రోబోలో కూర్చుని, శత్రుయంత్రాల నుంచి ఊరిని కాపాడటం ఆట. ఉస్తాద్ రోబోను నడిపించాడు. మొదటి అడుగుకే ఒక ఇల్లు నుగ్గయింది.

"ఇందులో ఎవరుంటారు?"

"ఎవరూ లేరు, ఉస్తాద్."

ఇంకో అడుగు. "ఇక్కడ?"

"అక్కడా లేరు."

"ఈ బడిలో?"

"ఒకేసారి వంద రోబోలు కొట్టుకోవాలి. మనుషులుంటే ఆట నత్తలా నడుస్తోంది. తీసేశాం."

"అందరినీనా?"

"అందరినీ."

ఉస్తాద్ ఆ ఆట ఆపేశాడు. తను చేసిన మొదటి భాగం పెట్టి కంట్రోలర్ కౌండిన్య చేతికిచ్చాడు.

ఆ ఆట చేసే రోజుల్లో వాళ్ల ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాళ్లు నెల రోజులు రోబో జోలికి వెళ్లకూడదు. రోజుకొక మనిషిని ఊళ్లోకి తేవాలి. పేరు, పని, నడక అన్నీ రాయాలి. కౌండిన్య అలా ముప్పై మందిని తెచ్చాడు. విసుక్కుంటూనే తెచ్చాడు.

ఇప్పుడు తెర మీద శత్రుయంత్రం వంతెన దాటుతోంది. ఎదురెళ్లడానికి ఇరుకు సందు ఒక్కటే దారి. రోబో పాదం పైకి లేచింది. దాని కింద రేకుల షెడ్డులో ఒకతను తల వంచుకుని మిషన్ కుడుతున్నాడు.

"అడుగు వెయ్యి. వచ్చేస్తోంది."

"ఆగండి ఉస్తాద్. దస్తగిరి ఇంకా లేవలేదు."

"ఎవరతను?"

"నేను పెట్టిన దర్జీ. ఒక కాలు పనిచెయ్యదు. లేవడానికి టైం పడుతుంది."

"బొమ్మే కదా."

కౌండిన్య బొటనవేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. శత్రుయంత్రం వచ్చి రోబో తల పీకేసింది. రోబో వెనక్కి, ఎండిన కాలువలోకి కూలిపోయింది.

"ఓడిపోయావు," అన్నాడు ఉస్తాద్.

కౌండిన్య ఆ ప్రకటన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

తెర మీద దస్తగిరి అప్పుడే లేచాడు. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ బయటికొచ్చాడు. అతను సందు మలుపు తిరిగేదాకా గురువూ శిష్యుడూ కదలకుండా కూర్చున్నారు.