ఇంజను వాటా

సన్యాసిరావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. దేవుడున్నాడా అని అడిగిన పోస్టుమాస్టరు అల్లుడి చేత ఒకసారి గ్రంథాలయం పైకప్పు పెంకులు సర్దించారు. అతడు కిందికి దిగాక దేవుడి సంగతి మళ్లీ ఎత్తలేదు, నడుం నొప్పి సంగతే ఎత్తాడు. మాస్టారి పేరు సన్యాసే గాని పిల్లలు ఆరుగురు. బడి ఉద్యోగం నుంచి దిగిపోయాక సాయంత్రాలు తన ఇంటి అరుగు మీద మార్క్సిస్టు పాఠాలు చెబుతున్నారు. వినడానికి వచ్చేవాళ్లలో సగం మంది ఆయన భార్య ఇచ్చే టీ కోసం వస్తారు. మిగతా సగం, ఆ మొదటి సగంలో ఎవరెవరున్నారో చూసి పోవడానికి వస్తారు. పాఠం కోసమే వచ్చేవాడు మా చేపలరేవు మొత్తానికి ఒక్కడే. అతడు కోర్లయ్య కొడుకు దానేసు.

దానేసు విశాఖపట్నంలో అర్థశాస్త్రం ఎం.ఏ. చదివి వచ్చాడు. ఉద్యోగం వచ్చేలోగా చేతులు ఖాళీగా ఉండకూడదని ఊళ్లో అందరి మాటల్లోనూ తప్పులు దిద్దుతున్నాడు. ఒక సాయంత్రం అతడు మాస్టారిని ఇలా అడిగాడు. “మాస్టారూ, విలువ సిద్ధాంతం వల్ల ఉపయోగం ఏటండి? ధర ఉంది, వేలంపాటలో చెవికి వినబడతాది. ఖర్చు తెలుసు, లాభం తెలుసు. ఈ విలువ అన్నది మాత్రం ఎవరికీ కనబడదు. దాని వెనక ఉన్నది మనుషుల శ్రమే అని ఒప్పుకున్నాం అనుకోండి, అప్పుడు మాత్రం సావిడాయి చేప ధర మారతాదా? మా యూనివర్సిటీలో దాన్ని కాజా లేని బొత్తం అనేవారు.”

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, “రేపు పొద్దున్న మీ నాన్న పడవ ఒడ్డుకి వస్తాది కదా. వాటాలు నువ్వు పిలు,” అన్నారు. “నేనేటి పిలవడం?” అన్నాడు దానేసు. “రోజూ పిలిచే పెద్దాయనకి గొంతు పట్టేసింది. నువ్వు వాటా లేనివాడివి, పిలవొచ్చు. మీ రేవు పద్ధతి మాత్రం తప్పకు. ఎవర్ని పిలిస్తే వాడే రావాలి. వచ్చినవాడే ఎత్తాలి.” ఇంతే చెప్పి ఆయన లోపలికి వెళ్లిపోయారు. దానేసు ప్రశ్న అరుగు మీదే ఉండిపోయింది.

ఇక్కడ రేవు పద్ధతి కొంచెం చెప్పాలి. వేట నుంచి పడవ రాగానే చేపల్ని ఇసుక మీద సమానంగా కుప్పలు పెడతారు. ఒక్కో పేరూ పిలుస్తారు. పేరు గలవాడు పలికి, ముందుకొచ్చి, తన కుప్పని తన చేతులతో గంపలోకి ఎత్తుకోవాలి. ఒకరి కుప్ప మీద మరొకరు చెయ్యి వెయ్యకూడదు, సొంత అన్నదమ్ములైనా సరే. అన్నదమ్ములైతే మరీను. జ్వరంతో పడుకున్నవాడికీ వాటా ఉంటుంది గాని, వాడూ రావలసిందే. నిరుడు కోర్లయ్యకి ఒళ్లు కాలిపోతుంటే నులకమంచం మీద మోసుకొచ్చి కుప్ప మీద చెయ్యి పెట్టించారు. ఆయన ఆ చెయ్యి తన కుప్ప మీదే పెట్టాడా, పక్కవాడి కుప్ప మీదా అన్న విషయమై మా వీధిలో నెల్లాళ్లు చర్చ జరిగింది.

ఆ పడవ అందులో వెళ్లే ఆరుగురిదీ. వలని ముక్కలుగా కలిపి కుట్టారు, ఎవరి ముక్క వాళ్లది. ఇంజను ఒక్కటే ఎర్రన్నది. అతడు చుక్కాని పడతాడు, అందుకు అందరిలాగే ఒక వాటా ఎత్తుకుంటాడు. పాత ఇంజనుకి కూడా ఒక వాటా ఉండేది. పిలిచే పెద్దాయన “ఎర్రన్నా, ఇంజనుదీ” అని ఒకే ఊపిరిలో అనేవాడు, ఎర్రన్న రెండు కుప్పలూ ఒకే వంగుడులో ఎత్తేవాడు. అందులో వింతేమీ ఎవరికీ తోచలేదు. ఇప్పుడు పెద్ద ఇంజను వచ్చింది. వేట ముగిశాక దాన్ని ఇద్దరు భుజాల మీద మోసుకెళ్లి ఎర్రన్న ఇంట్లో దించుతారు, పైన దుప్పటి కప్పుతారు. ఎర్రన్న అత్తగారికి ఆ ఇంట్లో దుప్పటి ఉండగా నేనైతే చూడలేదు. కొత్త ఇంజనుది నలుగురి బలం గనక దానికి రెండు వాటాలు కావాలన్నాడు ఎర్రన్న. పడవలో వాళ్లు ఆలోచించి, అడిగింది నాలుగు కాదు గదా అని సంతోషించి ఒప్పుకున్నారు. సముద్రం మాత్రం ఈ సంగతి తెలియక ఎప్పటిలాగే చేపలిచ్చింది. వాటాలు పెరిగాయి గనక ఒక మనిషిని దించాలన్నారు. నీటి రంగు చూసి చేపల గుంపు జాడ చెప్పే కోర్లయ్య అందరికంటే పెద్దవాడు. ఆయన్ని దిగమన్నారు. “నిజమే, అది నాకంటే బలమైంది,” అని ఆయన తల ఊపాడు. రేపు పొద్దున్న వచ్చేది ఆయన ఆఖరి వేట. ఇంట్లో తండ్రి బతుకుతెరువు పోతుంటే కొడుకు అరుగు మీద కూర్చుని బొత్తాల గురించి మాట్లాడుతున్నాడు. చదువు గొప్పది.

మర్నాడు పడవ వచ్చేసరికి రేవంతా అక్కడే ఉంది. పని ఉన్నవాళ్లు పని మీద వచ్చారు, మిగిలినవాళ్లం దారిన పోతూ ఆగాం. మాస్టారు పంచె పైకి మడిచి, అలల్లో కాళ్లు తడుపుకుంటూ నిలబడ్డారు. కానాగంత చేపలు బాగానే పడ్డాయి. ఆరు కుప్పలు మనుషులకి, రెండు ఇంజనుకి పెట్టారు. దానేసు గొంతు సవరించుకుని పిలవడం మొదలుపెట్టాడు. ఎర్రన్న పలికి తన కుప్ప ఎత్తాడు. తర్వాత అప్పన్న ఎత్తాడు. ఒక్కొక్కరే వచ్చారు. తర్వాత దానేసు తండ్రి పేరు పిలిచాడు. కోర్లయ్య వంగి, ఒక్కో చేపనీ విడిగా గంపలో వేసుకున్నాడు.

“ఇంజను,” అన్నాడు దానేసు.

ఎర్రన్న వచ్చి వంగాడు. దానేసు కుప్పకి అడ్డంగా నిలబడ్డాడు. “నిన్ను పిలవలేదు మావా.”

“మరెవర్ని పిలిచావురా?”

“ఇంజన్ని. నీ వాటా నువ్వు ఎత్తేశావు.”

“దాని తరఫున నానేరా వచ్చింది.”

“మన రేవులో ఒకరి తరఫున ఒకరు ఎత్తే పద్ధతి ఎప్పుడుంది మావా?”

ఎర్రన్న భార్య గౌరమ్మ ముందుకొచ్చింది. ఆమెకు ఎక్కడా వెనకపడే అలవాటు లేదు. “అది ఎలా వస్తాది అల్లుడా? దానికి కాళ్లున్నాయా?” అంది. “జ్వరమొచ్చిన రోజున మా నాన్నకి మాత్రం కాళ్లు పనిచేశాయా అత్తా? మంచం మీద తేలేదా?” అన్నాడు దానేసు. అతడు ఇదంతా తండ్రి కోసం అంటున్నాడని కొందరికి అనిపించింది. అతని ముఖం చూస్తే, తను ఏం అంటున్నాడో అప్పుడే తనూ వింటున్నట్టు ఉంది.

పద్ధతి మాట వచ్చేసరికి పడవ వాళ్లందరూ దానేసు వైపు తిరిగారు. మా వాళ్లు న్యాయం దగ్గర సర్దుకుంటారు గాని పద్ధతి దగ్గర సర్దుకోరు. ఎర్రన్నకి రోషం వచ్చింది. “సరే, తెండ్రా దాన్ని,” అన్నాడు. అప్పన్న ఒక పక్క, కోర్లయ్య ఒక పక్క పట్టి పడవలోంచి ఇంజన్ని మోసుకొచ్చి, కుప్పల పక్కన చెక్క మీద బిగించి నిలబెట్టారు. దాని చోటు కోసం పడవ దిగిపోతున్న మనిషే దాన్ని మోసుకొచ్చాడని అప్పుడు ఎవరికీ తోచలేదు.

“ఇంజను,” అని మళ్లీ పిలిచాడు దానేసు. అందరూ దాని వైపు చూశారు. “కడుపులో ఏమీ లేకుండా ఎలా పలుకుతాది?” అని అప్పన్న ఒక డబ్బా కిరసనాయిలు పోసి తాడు లాగాడు. అది పలికింది. అలా ఇలా కాదు, రేవంతా అదిరేలా పలికింది. చెక్క మీద ఎగురుతూ రెక్కతో ఇసుక తవ్వి, దగ్గరున్న కుప్ప మీద పోసింది. నల్లటి పొగ గౌరమ్మ ముఖం మీదికి వదిలింది. ఆపడం ఎలాగో తోచక అప్పన్న తాడు పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు. “నీళ్లు లేకుండా తిరిగితే కాలిపోతాదిరా,” అంటూ కోర్లయ్యే వెళ్లి దాన్ని ఆపాడు. ఆపి, వేడిగా ఉందేమోనని పైకండువాతో విసిరాడు కూడా.

శబ్దం ఆగాక అలల చప్పుడు కొత్తగా వినిపించింది. ఇంజను ముందు రెండు కుప్పలు అలాగే ఉన్నాయి, ఒకటి ఇసుకతో. అప్పుడు మాస్టారు నీళ్లలోంచి పైకొచ్చి, “పిలిస్తే పలికింది కదా. ఏం తింది?” అన్నారు.

“డబ్బా కిరసనాయిలు,” అన్నాడు అప్పన్న.

“చేపలు?”

“చేపలెందుకు తింటాది మాస్టారూ?”

“అయితే దాని వాటా ఏమిటో అదే చూపించింది. ఆ డబ్బా నింపి ఇవ్వండి.”

ఎర్రన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అతడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మాకు మాట్లాడుకోవడానికి ఇంకా బాగుండేది. “మరి నాను పెట్టిన డబ్బు సముద్రంలో పోసుకున్నానా మాస్టారూ?” అన్నాడు. “ఎందుకు పోసుకుంటావు? అది రోజూ కొంచెం అరుగుతోంది. అరిగినంతా నీకు రావలసిందే. అరిగినంత,” అన్నారు మాస్టారు. “ఆ పైన మిగిలేది?” అన్నాడు ఎర్రన్న. “ఆ పైనది ఎక్కడి నుంచి వచ్చిందో నన్నెందుకు అడుగుతావు? పడవలో ఉన్నది నువ్వు కదా.”

ఎర్రన్న పడవ వాళ్లకేసి చూశాడు. వాళ్లు ఇంజనుకేసి చూస్తున్నారు. అది పొద్దున్న పడవలో ఉన్నప్పటి కంటే చిన్నగా కనిపించిందని అప్పన్న తర్వాత టీ కొట్టు దగ్గర చెప్పాడు. “మావా, రేపు ఇది ఒక్కటే ఎల్లి రెండు కుప్పలు తెస్తాదేటి?” అని అడిగాడు అప్పన్న. అతడు వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. ఎర్రన్న కంటే ముందు గౌరమ్మ, ముఖం మీది మసి తుడుచుకుంటూ, “ఒరే అప్పన్నా, ఇది పాడైతే బాగుచేసే ఖర్చు కూడా అందరూ పెట్టుకుంటారా?” అంది. ఆమె మసిలో కూడా ఆలోచించగలదు.

ఎండెక్కేదాకా ఇసుక మీద కూర్చుని మాట్లాడుకున్నారు. అరుపులు జరిగాయి. ఎర్రన్న రెండుసార్లు లేచి వెళ్లిపోయాడు, గౌరమ్మ రెండుసార్లూ వెనక్కి పిలిచింది. చివరికి కుదిరింది ఇది. కిరసనాయిలు, బాగుచేత ఖర్చు ముందుగా అందరి చేపల్లోంచి తీస్తారు. అరుగుదల కింద ప్రతి వేటకీ ఒక చిన్న గంప ఎర్రన్నకి వెళుతుంది. అతడు పెట్టింది తీరిన నాటి నుంచి ఇంజను కూడా పడవలాగే అందరిదీ. మిగిలిన చేపలు ఆరుగురివి. ఆరుగురు అన్న మాట ఎర్రన్న నోటి నుంచే వచ్చింది. “బావా, రేపు నీరు ఏ రంగులో ఉంటాదో మరి,” అన్నాడతడు కోర్లయ్యతో. “ఎల్తే గదా తెలిసేది,” అన్నాడు కోర్లయ్య. అని, వల ముక్కలో లేని చిరుగు ఒకటి వెతుక్కుంటూ కూర్చున్నాడు.

ఇంజనుకని పెట్టిన రెండు కుప్పల్నీ కలిపి, ఇసుక కడిగి, మళ్లీ పంచారు. దానేసు మళ్లీ పేర్లు పిలిచాడు. ఈసారి పిలిచిన పేరల్లా పలికింది. ఆ తర్వాత అతడు మాస్టారి వెనకే నడుస్తూ, “అయినా మాస్టారూ, ఇవాళ కానాగంతల ధర నిన్నటి ధరే. సిద్ధాంతం దాన్ని కదపలేదు,” అన్నాడు. చదువుకున్నవాడు ఓడిపోయినా ఒక మాట మిగుల్చుకుంటాడు.

మాస్టారు మడిచిన పంచె దించుకున్నారు. “ధర కదపడం దాని పని అని నీకెవరు చెప్పారు, దానేసూ? అది ఒక్కో వాటాకీ పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచాక ఎవరు వచ్చి ఎత్తుతారో కాసేపు ఆగి చూడాలి, అంతే.”