చన్నీళ్లలో ముళ్లతల

ఆ రాజుగారు కిరీటం తీసేవారు కాదు.

పట్టాభిషేకం నాడు పెట్టుకున్నది అలాగే తలమీద ఉండిపోయింది. తలంటు రోజున మంగలి కిరీటం చుట్టూ నూనె రాసి సరిపెట్టేవాడు. పడుకోవడానికి మధ్యలో గుంట ఉన్న దిండు ప్రత్యేకంగా కుట్టించారు. తల దురద పెడితే సందులోంచి వెండిపుల్ల దూర్చి గీరుకునేవారు. పుల్ల చేరని చోట దురద పుడితే ఆ రోజుకు కొలువు ఉండేది కాదు.

ఎందుకింత అవస్థ అంటే, తండ్రిగారు కన్నుమూస్తూ ఒక మాట చెప్పి పోయారు. "నాయనా, ఈ రాజ్యాన్ని నిలబెట్టేది ఈ కిరీటమే. ఇది దిగిందంటే అది కూలుతుంది." ఈయన నమ్మారు. మంచివారు కాబట్టే నమ్మారు. అంతమంది జనం తన మూలంగా కూలిపోతారంటే ఎవరికి మాత్రం తీయబుద్ధవుతుంది?

ఆ మాటకొస్తే ఆయనకు వేరే పని కూడా లేదు. కాలవలు తవ్వేవాళ్లు తవ్వేవారు, నాట్లు వేసేవాళ్లు వేసేవారు, పండిన ధాన్యం బళ్లమీద కోటకు వచ్చేది. రాజుగారు అన్నీ తానే మోస్తున్న మొహం పెట్టుకుని సింహాసనం మీద కూర్చునేవారు. రోజంతా ఆ మొహం పెట్టుకుని ఉండడం కూడా కష్టమే, పాపం.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా బాతులు. కోట వెనక మడుగులో తెల్లటి బాతులుండేవి. వాటిలో జాజి అనే బాతంటే ఆయనకు ప్రాణం. సాయంత్రం గట్టుమీద కూర్చుంటే అది వచ్చి ఆయన కాలి కడియాన్ని ముక్కుతో పొడిచేది. రాజ్యం మొత్తం మీద ఆయన్ని అలా పొడవగలిగింది అదొక్కటే.

ఒక ఎండాకాలం బాతులు చిక్కిపోవడం మొదలైంది. మేత మామూలుగానే తింటున్నాయి, ఒళ్లు మాత్రం పట్టడం లేదు. ఒక్కొక్కటే రాలిపోసాగాయి. చివరికి జాజి కూడా రెక్కలు వాల్చేసి గట్టుమీద కూలబడింది.

"కాపరి మేత కాజేస్తున్నాడు," అంది కొలువు ఒకే గొంతుతో. కొలువుకు ఎప్పుడూ ఒకే గొంతు ఉండేది.

రాజుగారికి కోపం కన్నా దుఃఖం ఎక్కువగా వచ్చింది. ఆ దుఃఖంలోనే తీర్పు చెప్పేశారు. జాజి పోయిన రోజున బాతుల కాపరి పెళ్లాం బిడ్డలతో సహా పొలిమేర దాటి పోవాలి.

కాపరి మడుగు గట్టుమీదే పుట్టినవాడు. పొలిమేర అవతల ఏముంటుందో కూడా వాడికి తెలీదు. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్క గింజ కూడా పక్కకెళ్లలేదండి బాబుగారూ. అయ్యి తింటానే ఉన్నాయండి. తిన్నదంతా ఎక్కడికెళ్లిపోతందో నాకే తెలీట్లేదండి."

"తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగారు రాజుగారు.

ఒకావిడ ఉంది. చేపల పేగుల్లో, పిట్టల పేగుల్లో పురుగుల్ని వెతికి అవేమిటో తేల్చడమే పనిగా పెట్టుకున్న మనిషి. జనం ఆవిణ్ణి పురుగులావిడ అనేవారు. పెళ్లిళ్లకు పిలిచేవారు గానీ పంక్తిలో పక్కన కూర్చునేవారు కాదు. విస్తరి ముందు మాట మొదలుపెడితే ఆపదని భయం.

పురుగులావిడ ఒక సన్నకత్తి, ఒక భూతద్దం, నాలుగు మట్టిమూకుళ్లు పట్టుకుని వచ్చింది. ఆ పొద్దునే చచ్చిపోయిన బాతును అడిగి తీసుకుని కోసింది. కొలువు ముక్కు మూసుకుంది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అబ్బ! ఎంత ముద్దొస్తున్నాయో చూడండి!"

పేగు లోపలి గోడకు నారింజరంగు పురుగులు గుత్తులుగా పట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ వడ్లగింజంత ఉంది. ఒళ్లు మాత్రమే కనిపిస్తోంది, తలలన్నీ గోడలోకి దిగబడిపోయాయి.

"అయితే దొంగలు వీళ్లన్నమాట. ఒక్కడి మొహమైనా చూడాలి," అంటూ రాజుగారు స్వయంగా ఒకదాన్ని పట్టి లాగారు. ఒళ్లు తెగి చేతికొచ్చింది. తల గోడలోనే ఉండిపోయింది.

"లాగకూడదు ప్రభూ," అంది పురుగులావిడ. "తెగనైనా తెగుతుంది గానీ వదలదు."

ఆవిడ సూదిమొనతో చుట్టూ మెల్లగా విడదీసి ఇంకోదాన్ని బయటికి తీసింది. అది వెంటనే తలను తన ఒంట్లోకే ముడుచుకుంది. ఇప్పుడది నిజంగానే వడ్లగింజలా అమాయకంగా ఉంది.

"చన్నీళ్లలో వేసి వదిలెయ్యాలి," అంది ఆవిడ. "మందులొద్దు, ఉప్పొద్దు. మనం నెత్తిమీద నిలబడి తొందరపెట్టడం అసలే వద్దు. పట్టుకోడానికి ఏమీ లేని చోట, ఉత్త నీళ్లలో, తల దానంతటదే బయటికొస్తుంది. తల చూస్తే గానీ అదెవరో చెప్పలేం."

మర్నాడు పొద్దున్నే రాజుగారు పలహారం కూడా ముట్టకుండా వచ్చి భూతద్దానికి కన్ను ఆనించారు. ఆనించీ ఆనించగానే కేక వేశారు.

"కిరీటం!"

నిజమే. బయటికొచ్చిన తల చుట్టూ వరసలు వరసలుగా ముళ్లు, అన్నీ వెనక్కి వంపు తిరిగి, ఎండలో తళతళలాడుతున్నాయి. రాజుగారి సంబరం ఇంతా అంతా కాదు. కొలువులో వాళ్లందరినీ పిలిచి వరసలో నిలబెట్టి చూపించారు.

"అచ్చం తమరిలాగే ఉంది ప్రభూ," అన్నాడొకాయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు. రాజుగారు మాత్రం మురిసిపోయారు.

"ఇంత చక్కటి కిరీటం పెట్టుకుని ఇది దొంగెలా అవుతుందమ్మా? నోరేదీ దీనికి? పాపం, నోరులేని జీవంలా ఉందే!"

"నోరు లేదు ప్రభూ. పొట్టా లేదు. బాతు తిని అరిగించుకున్నదాన్ని ఒళ్లంతటితో పీల్చుకుంటుంది."

"మరి రోజంతా ఏం పని చేస్తుంది?"

"పట్టుకుని ఉంటుంది."

"అంతేనా?"

"అంతే."

రాజుగారు మళ్లీ భూతద్దంలోకి చూశారు. ఈసారి కాస్త ఎక్కువసేపు చూశారు.

"అసలు లోపలికెలా పోయింది?"

"మడుగులో చిట్టిరొయ్యలు ఉంటాయి కదా, వాటి ఒంట్లో దీని పిల్ల పెరుగుతుంది. మామూలు రొయ్య వెలుతురంటే భయపడి అడుక్కి పోతుంది. దీని పిల్ల ఒంట్లో ఉన్న రొయ్యకు ఆ భయం పోతుంది. ఎక్కడ మెరిస్తే అక్కడికి తోసుకుంటూ వెళుతుంది. పైన బాతు ఉంటుంది."

"అవునండి!" అన్నాడు కాపరి. "అయ్యి పైకొచ్చి ఎండలో గెంతుతా ఉంటే, ఎంత ధైర్యమో అని ముచ్చటగా చూసేవోణ్ణండి."

"జాజి బతుకుతుందా?" అన్నారు రాజుగారు. 

"కొత్తవి లోపలికి పోకుండా చూస్తే బతకొచ్చు. దాన్ని మడుగులో దింపకుండా శుభ్రమైన మేత పెట్టాలి. పాతవి కాలం తీరి వాటంతటవే వదిలేస్తాయి. ఇందులో కాపరి తప్పు గింజంత కూడా లేదు."

రాజుగారు ఆ క్షణమే తీర్పు వెనక్కి తీసుకున్నారు. కాపరి కళ్లు తుడుచుకున్నాడు. కథ అక్కడితో అయిపోవలసిందే గానీ, రాజుగారి మనసులో ఇంకో ప్రశ్న మెదిలింది.

"బాతు చచ్చిపోతోందని దీనికి తెలీదా అమ్మా?"

పురుగులావిడ మూకుడులోకి మరోసారి చూసింది. "లోపలంతా చీకటి కదా ప్రభూ. నేను పట్టుకోబట్టే బాతు నిలబడి ఉందని అనుకుంటుందేమో."

కొలువు మొత్తం గాలి పీల్చడం మానేసింది. రాజుగారు చెయ్యెత్తి కిరీటాన్ని తడుముకున్నారు. ముందు ఒక మొన, తర్వాత ఇంకో మొన. ఆయనకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా భయం వేసింది.

"తీసేస్తే... పడిపోదూ?"

"ఎవరు, బాతా? లేచి నిలబడుతుంది."

రాజుగారు కిరీటాన్ని రెండు చేతులా పట్టుకుని పైకి లాగారు. రాలేదు. జుట్టు సందుల్లోంచి పెరిగి దాన్ని అల్లుకుపోయింది. సాయం చేద్దామని కొలువంతా ఎగబడింది. ఎవరికి వారు తమ వైపుకే లాగారు.

"చచ్చాన్రా నాయనా!" అన్నారు రాజుగారు.

"లాగకూడదు!" అన్నారు పురుగులావిడా కాపరీ ఒక్కసారే.

అప్పుడు రాజుగారు పెరట్లో పెద్ద తొట్టి పెట్టించి చన్నీళ్లు పోయించారు. పన్నీరు పోస్తామని పరిచారకులు బతిమాలితే వద్దన్నారు. మెడదాకా నీళ్లలో కూర్చుని, మధ్యమధ్య తల ముంచి లేస్తూ, ఎవరూ తొందరపెట్టకుండా చూడమని కాపరిని కాపలా పెట్టారు. చలికి పళ్లు కొట్టుకున్నాయి. అయినా హుషారుగానే ఉన్నారు. మధ్యాహ్నం దాటాక, జుట్టు నాని చిక్కు సడలి, కిరీటం దానంతటదే పక్కకు ఒరిగి నీళ్లలో బుడుంగుమంది.

రాజుగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఏదీ కూలిన చప్పుడు రాలేదు. కాలవలో నీళ్లు పారుతున్నాయి. ఎవరో ఎవరినో అన్నానికి పిలుస్తున్నారు. ఆయన మెల్లగా పది వేళ్లూ జుట్టులోకి పోనిచ్చి గీరుకున్నారు. వెండిపుల్ల ఇన్నేళ్లూ చేరని చోట కూడా గీరుకున్నారు. ఆ సుఖానికి కళ్ల వెంట నీళ్లొచ్చాయి.

తడిబట్టలతోనే తొట్టిలోంచి బయటికొచ్చి, "మేత ఎక్కడుంటుందిరా?" అని అడుగుతూ కాపరి వెంట బయల్దేరారు. జాజి ఆయన్ని గుర్తుపట్టలేదు. కానీ ఆ చేతిలోని గింజల్ని పొడుచుకు తిన్నది, తిని లేచి నిలబడింది.

తొట్టి చుట్టూ కొలువంతా మూగింది. నీళ్ల అడుగున కిరీటం ఎండకు తళుక్కుమంటోంది. తను ముట్టుకుంటే పక్కవాడు చూస్తాడని ఎవరూ ముట్టుకోలేదు. తను తప్పుకుంటే పక్కవాడు ముట్టుకుంటాడని ఎవరూ తప్పుకోలేదు. అందరూ కొంచెం కొంచెంగా ఆ మెరుపు వైపుకు వంగుతున్నారు.

పురుగులావిడ మూకుళ్లు సర్దుకుని వెళ్లబోతూ అది చూసి ఆగింది. అరుగుమీద చతికిలబడి, భూతద్దాన్ని కొంగుతో శుభ్రంగా తుడిచింది.

మేత తట్ట కోసం వెనక్కొచ్చిన కాపరి అడిగాడు. "పనైపోయింది కదండి అమ్మగారూ, ఇంకా ఏం చూత్తన్నారు?"

"ష్! తొందరపెట్టకు," అందావిడ, తొట్టి మీంచి కళ్లు తిప్పకుండా. "తలలు ఇప్పుడిప్పుడే బయటికొస్తున్నాయి."