లిల్లీ పూసిన చోట కొడవలి పెట్టరు

ఆ గడ్డి మైదానానికి అటు కొండలు, ఇటు ఊరు. ఒకప్పుడు ఆ గడ్డిలో ఎక్కడ చూసినా నారింజ రంగు అడవి లిల్లీలే. ఈ ఏడు పూసింది ఒక్కటే. పూరేడు పిట్ట సరిగ్గా దాని పక్కనే ఏడు గుడ్లు పెట్టుకుని కూర్చుంది. దానికి తెలివి లేక కాదు. లిల్లీ పూసిన చోట కొడవలి పెట్టకూడదని కోతగాళ్ల ఆనవాయితీ. చుట్టూ నాలుగు బారల గడ్డి వదిలేసి పోతారు.

తెల్లారితే కోత. పూరేడుకి గింజ సహించడం లేదు. గాలికి పువ్వు ఊగితే చాలు, గుడ్ల మీద ఇంకాస్త ఒదిగి కూర్చుంటోంది. అది చాలదన్నట్టు గడ్డికి అవతల నుంచి గుసగుసలు వినిపించాయి.

"అల్లుడూ, ఆ లిల్లీ కింద దుంప ఉందే, వెన్నముద్దే అనుకో. తవ్వుకు తిను," అంటోంది నక్క, పందికొక్కుతో.

"మరి నీకేం లాభం మామా?"

"నువ్వు తింటే నా కడుపు నిండినట్టే!"

నక్క అటు వెళ్లగానే పందికొక్కు తవ్వడం మొదలెట్టింది. పూరేడుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అన్నా, ఆగు! దుంప పోతే పువ్వు వాడిపోతుంది. పువ్వు లేకపోతే గడ్డంతా కోసేస్తారు. మూడు రోజులుగా నా గూడు దొరక్క తిరుగుతోంది ఆ నక్క!"

"నీ గూడు గొడవ నాకెందుకమ్మా?"

"పోనీ, నీ కలుగు ఎక్కడుంది?"

పందికొక్కు కాళ్లు ఆగిపోయాయి. దాని కలుగూ ఆ గడ్డి మాటునే. కోతగాళ్ల వెంట కుక్క కూడా వస్తుంది.

"ఓరి మామో! నా చేత నా కొంపే తవ్విస్తున్నావా?" అని పళ్లు కొరికింది. తవ్విన మట్టి తిరిగి కప్పేసి, మూతి తుడుచుకోకుండానే నక్క దగ్గరికి పోయింది. "అమృతం మామా!"

"పువ్వు?"

"అప్పుడే తల వేలాడేసింది, పాపం."

మర్నాడు కోతగాళ్లు అన్నాలకి కూర్చున్న వేళ చూసి నక్క బయల్దేరింది. చూపంతా నేల మీదే, గుడ్ల కోసం. మైదానం మధ్యకి వచ్చి తలెత్తితే, అల్లంత దూరాన లిల్లీ నిక్షేపంగా నిలబడి ఉంది, చుట్టూ గడ్డితో సహా. ఇంతలో కుక్క మొరిగింది. దాక్కుందామంటే తానున్న చోట గడ్డిపరక లేదు. తోకలో సగం బొచ్చు కుక్క నోట్లో వదిలేసి, నక్క కొండల దాకా ఆగలేదు.

గడ్డి పోతే గుడ్లు కనబడతాయనుకుంది. తీరా గడ్డి పోయాక కనబడింది తనే.

నీతి: ఎదుటివాడి చాటు పోవాలని కోరుకునే ముందు, నువ్వు దేని చాటున బతుకుతున్నావో చూసుకో.